పెరడు, పాతర, జాడీ

చరిత్ర అనగానే మనకి చప్పున గుర్తొచ్చేవి రాజులూ, యుద్ధాలూ, కోటలూను. బి.ఏ.లో నేను చదివిన చరిత్రా అదే. పరీక్ష కోసం తేదీలు బట్టీపట్టాం, పరీక్ష కాగానే మరిచిపోయాం. వాటిలో ఒక్క తేదీ కూడా వంటింటి గడప దాటి లోపలికి వచ్చిన పాపాన పోలేదు.

జగ్గయ్యపేట సంగతే తీసుకోండి. ఆ ఊరి చరిత్ర చెప్పమంటే, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలు దగ్గర తన తండ్రి జగ్గన్న పేరుమీద పేట కట్టించాడని చెప్తారు. ఇంకాస్త చదువుకున్నవారైతే ఊరి పక్కనున్న ధనంబోడు కథ చెప్తారు. ఆ దిబ్బని 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర తవ్వించి చూస్తే బౌద్ధస్తూపం బయటపడింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు ఏలుబడికి వచ్చిన ఇరవయ్యో యేట, సిద్ధార్థుడనే పనివాడు తల్లితో, భార్యతో, బిడ్డలతో కలిసి అక్కడ అయిదు స్తంభాలు నిలబెట్టించాడని శాసనం. అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దం నాటి మాట.

అంతా బాగానే వుంది. కానీ ఆ తల్లీ, ఆ ఇల్లాలూ వానాకాలం నాలుగు నెలలూ ఇంటిల్లిపాదికీ ఏం వండి పెట్టారు? కూరగాయ దొరకని రోజున ఏం చేశారు? రాతిమీద చెక్కినవాళ్ళెవరూ ఆ మాట చెప్పలేదు. స్తంభానికి శాసనం వుంది గానీ ఉప్పుకుండకి శాసనం వెయ్యించిన రాజెవరూ లేడు కదా!

నాకైతే ఆ ఉప్పుకుండ చరిత్రే అసలు చరిత్ర అనిపిస్తుంది. ముఖ్యంగా నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలకి.

ఎందుకంటారా? కృష్ణాజిల్లా అనగానే పైవాళ్ళకి కళ్ళముందు కనిపించేది దివిసీమ, గుడివాడ వైపు పచ్చటి వరిచేలు. నందిగామ వైపు అలా కాదు. 2022లో జిల్లాలు విడదీశాక ఇది ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ, మా పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ ఇది కృష్ణాజిల్లా మెట్టే. మునేరు వుంది, పాలేరు వుంది, ముక్త్యాల దగ్గరా వేదాద్రి దగ్గరా సాక్షాత్తూ కృష్ణమ్మే వుంది. ఏం లాభం? నీళ్ళు పల్లంలో, చేలు మిట్టమీద. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక దిగువ ఊళ్ళకి కాలవలు పారాయి. ఎగువనున్న మెట్టకి మాత్రం ఆకాశమే కాలవ. జొన్న, కంది, పెసర, మినుము, ఆముదం, మిరప, పత్తి - వాన దయ తలిచినంత పంట.

కాలవ కింద వాళ్ళు మెట్టవాళ్ళని జొన్నకూటివాళ్ళని ఎగతాళి చేసేవారట. ఆ ఎగతాళి కొత్తదేమీ కాదు. ముక్త్యాల రేవు దాటితే అవతల గట్టు పల్నాడే కదా. అక్కడ జొన్నకూడు మింగలేక శ్రీనాథుడంతటివాడు విసుక్కున్నాడని చెప్పే చాటువులు అయిదారు వందల ఏళ్ళుగా లోకంలో తిరుగుతూనే వున్నాయి. కవిగారు విసుక్కుని వెళ్ళిపోయారు. కానీ ఆ జొన్నకూటిలోకి నంజుకోడానికి ఏడాది పొడుగునా ఏదో ఒకటి సమకూర్చాల్సిన ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్తారు?

ఆనకట్ట చేసే పనేమిటి? వరదరోజుల్లో వచ్చిన నీటిని పట్టి నిలిపి, లేని రోజులకి పంచడం. మెట్ట ఊళ్ళలో ఆ పని ఆడవాళ్ళు చేశారు. నీళ్ళతో కాదు - మామిడికాయతో, చింతపండుతో, కందులతో, గుమ్మడికాయతో. నాలుగు వారాల్లో విరగకాసి పోయేదాన్ని పన్నెండు నెలలకి సర్దారు. ఆ ఆనకట్ట పేరు పెరడు, పాతర, జాడీ.

ముందు పెరటి సంగతి చూద్దాం. మెట్ట ఊరి పెరడంటే పూలతోట కాదు సుమండీ. నీళ్ళు చేదుకోవాలి, మొయ్యాలి. వేసవి వచ్చేసరికి బావి అడుగంటుతుంది. అందుకని చెంబెడు నీళ్ళు కూడా ఒక్క పనితో ఖర్చయిపోవడానికి వీల్లేదు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితిలోకి, గేదెకి. స్నానాల నీళ్ళూ, అంట్లు తోమిన నీళ్ళూ చిన్న బోదె వెంట అరటిచెట్ల మొదట్లోకీ, చేమపాదులోకీ. పొయ్యిలో బూడిద పాదులమీదికి, పురుగు పట్టకుండా. కంపదడిమీద కాకర, దొండ. పందిరిమీద బీర, పొట్ల - పొట్లకాయ వంకర తిరక్కుండా చివర చిన్న రాయి కట్టేవారు. పాకమీద బూడిదగుమ్మడి. మూల మునగచెట్టు. వానలు పడితే గోంగూర, తోటకూర ఎటూ వుంటాయి.

పైకి చూస్తే ఇదంతా ఏది పడితే అది పాతినట్టు వుంటుంది. కానీ దాని వెనక ఒక లెక్క వుంది. కోసిన పూటే వండాల్సిన కూరలు కొన్ని. ఆగే కూరలు కొన్ని. రెండూ సమంగా వుండాలి. బూడిదగుమ్మడికి పైన తెల్లగా బూడిద పూసినట్టుంటుంది చూశారూ, అది మైనంలాంటి పొర. కాయలోని తడి బయటికి పోనివ్వదు. దెబ్బ తగలకుండా దించి అటకమీద పెడితే నెలల తరబడి చెక్కుచెదరదు. పండిన దోసకాయల్ని ఉట్టిలో వేలాడదీస్తే గాలి ఆడి చాలారోజులు వుంటాయి. ఏ శీతలగిడ్డంగీ అక్కర్లేని కాయల్ని ఏరుకున్నారన్నమాట.

విత్తనాల సంగతి మరీ ముచ్చటైంది. మంచి కాపులో నిగనిగలాడే కాయని చూసి "ఇది విత్తనానికి" అని వదిలెయ్యాలి. ఎంత కూర కరువైనా దాన్ని కొయ్యకూడదు. బీరకాయైతే తీగమీదే ఎండి గలగలలాడాక తెచ్చి చూరుకి వేలాడదీస్తారు. ఆ పీచే గింజలకి సంచి. దోసగింజల్ని బూడిదతో కలిపి, పేడలో పెట్టి గోడకి పిడకలా చరుస్తారు. వచ్చే మృగశిరకి పిడక విరిస్తే గింజలు భద్రంగా వుంటాయి. ఆడపిల్ల అత్తారింటికి వెళ్తూ కొంగున కట్టుకుపోయేది బంగారం ఒక్కటే కాదు, నాలుగు చిక్కుడుగింజలు కూడాను. అందుకే నాకో చిత్రమైన ఆలోచన వస్తూ వుంటుంది. ఏ ఊరి దడిమీద ఏ రకం చిక్కుడు పాకిందో ఎవరైనా రాసిపెట్టి వుంటే, ఏ ఊరి పిల్ల ఏ ఊరి కోడలైందో దాన్నిబట్టే చెప్పేయచ్చునేమో! రాజుల వంశవృక్షాలు తాటాకులమీద మిగిలాయి. ఆడవాళ్ళ వంశవృక్షాలు పాదుల్లో పెరిగి, పాదుల్లోనే ఎండిపోయాయి.

ఇక దాచుకోవడం. దీనికి ఒక పంచాంగం వుంది. కార్తీకం నుంచీ ఉసిరికాయ. పుష్యంలో గింజ ముదరని చింతకాయ తొక్కు. సంక్రాంతి వెళ్ళి మంచు తగ్గి ఎండ పదునెక్కాక వడియాలు. గుమ్మడికాయ ముక్కలకి ముందురోజు రాత్రే ఉప్పు పట్టించి, గుడ్డలో మూటకట్టి, బరువు పెట్టాలి. ఆ దిగిన నీటిని పారబొయ్యరు. మినప్పప్పు రుబ్బడానికి అదే పోస్తారు. మాఘ ఫాల్గుణాల్లో కొత్త చింతపండు - గింజ తీసి, ఈనె తీసి, ఉప్పు చల్లి కుండల్లోకి తొక్కడం. అదే రోజుల్లో పండుమిరపకాయలు, కారాలు కొట్టడం. చైత్ర వైశాఖాలు వచ్చాయంటే మామిడికాయ రాజ్యం: ఒరుగులు, ఆవకాయ, మాగాయ. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళు పగిలే ఆ ఎండని కూడా మనవాళ్ళు వృథా పోనివ్వలేదు. ఊరమిరపకాయల్ని రాత్రి పుల్లమజ్జిగలో, పగలు ఎండలో - మజ్జిగంతా పీల్చుకునేదాకా తిప్పుతూనే వుండేవారు.

ఈ పంచాంగం ఎంత పాతదో తెలుసా? శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. ఆయన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి ఋతువుకో రకం భోజనం పెడతాడు. వానాకాలపు విస్తరిలో వరుగులూ, వడియాలూ వున్నాయి. చలికాలంలో మిరియాల పొడి పట్టిన కూరలూ, ఆవపచ్చళ్ళూ వున్నాయి. వేసవిలో ఊరగాయలున్నాయి. అంత పెద్ద చక్రవర్తి వానాకాలంలో ఇంట్లో ఏం వుంటుందో ఇంత చక్కగా చెప్పాడంటే, ఆయన వంటింటివైపు కాస్త తొంగిచూసిన మనిషే అయివుండాలి.

కానీ ఆ విస్తళ్ళలో మిరపకాయ మాత్రం లేదు. వుండడానికి వీల్లేదు. మిరప మనది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మనదేశానికి వచ్చింది. అంతకుముందు కారమంటే మిరియమే. పచ్చడికి ఘాటంటే ఆవపిండే. అంటే ఎర్రగా నిగనిగలాడే మన ఆవకాయ, మనం అనుకునేటంత సనాతనురాలు కాదన్నమాట! నందిగామ మెట్టకి ఇవాళ మిరపతోట ఎంత పేరు తెచ్చిందో చూస్తే, పరాయిదేశం మొక్క ఇంత సొంతదైపోయిందా అని ఆశ్చర్యం వేస్తుంది. ఎవరో తెచ్చిపెట్టిన కొత్త కాయని అనుమానించకుండా కొరికిచూసి, ఉప్పుతో, నూనెతో జత కలిపిన మొదటి ఇల్లాలెవరో! ఆవిడ పేరూ ఏ శాసనంలోనూ లేదు.

కాయగూరలకి జాడీ ఐతే గింజలకి పాతర. మెట్ట పల్లెల్లో ఎత్తయిన చోట నేలలో గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూరా గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన మట్టితో మెత్తేవారు. లోపలి గాలిలో ప్రాణవాయువుని గింజలే పీల్చేసుకుంటాయి, బొగ్గుపులుసు గాలి నిండుతుంది, పురుగు చచ్చిపోతుంది. గింజ మిగులుతుంది. అందుకే పాతర తీసిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. ముందు దీపం దింపి చూసేవారు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాలి. ఆ గాలికి మనుషులు కూడా ప్రాణాలమీదికి తెచ్చుకునేవారు మరి. కందులకి ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టడం, పప్పుకి ఆముదం రాయడం, గాదెలో వేపాకు, వావిలాకు వెయ్యడం - ఇవన్నీ ఆ శాస్త్రంలోని అధ్యాయాలే.

సరిగ్గా వెంకటాద్రి నాయుడు ఇక్కడ సంస్థానం ఏలుతున్న రోజుల్లోనే, ఫ్రాన్సు దేశంలో నికొలాస్ అప్పెర్ అనే మిఠాయిల వ్యాపారి గాజుసీసాల్లో ఆహారం పెట్టి, గాలి చొరకుండా బిరడా బిగించి, మరిగేనీళ్ళలో వుంచి నిలవచేసే పద్ధతి కనిపెట్టాడు. 1810లో ఆ దేశప్రభుత్వం ఆయనకి 12,000 ఫ్రాంకుల బహుమానం ఇచ్చింది. ఆహారం ఎందుకు పాడవదో ఆయనకీ తెలీదు. ఆ రహస్యం పాశ్చర్ చెప్పేసరికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. మన ఇళ్ళల్లో ముక్క మునిగేలా నూనె పోసి జాడీకి వాసెన కట్టే అమ్మమ్మలకీ ఆ కారణం తెలీదు. కానీ పద్ధతి తెలుసు. ఉప్పు ముక్కలోని నీటిని లాగుతుంది, నూనె గాలిని ఆపుతుంది, ఆవ ఘాటు సూక్ష్మజీవుల్ని ఎదగనివ్వదు. మూడోరోజు తిరగకలపడం అందుకే. తడిచెయ్యి పెట్టొద్దని కేకలెయ్యడం అందుకే. అప్పెర్‌గారికి బహుమానం వచ్చింది. మన అమ్మమ్మకి? "ఈసారి ఉప్పు కాస్త ఎక్కువైంది" అన్న తాతయ్య మాట వచ్చింది.

ఉప్పన్నాను గనక ఇంకో మాట. వంటింటికీ రాజ్యానికీ సంబంధం లేదనుకుంటాం. 1805లో కంపెనీవారు మద్రాసు రాజధానిలో ఉప్పు వ్యాపారం మొత్తం తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఆ రోజునుంచీ ఊరగాయ పెట్టే ప్రతి ఇల్లాలూ, తనకి తెలీకుండానే, తెల్లవాడికి కప్పం కడుతూ వచ్చింది. రోజువారీ కూరకి చిటికెడు ఉప్పు చాలు. ఏడాది జాడీలకి కుంచాల లెక్కన కావాలి. 1930లో గాంధీగారు ఉప్పు పట్టుకుంటే, ఇంత చిన్న వస్తువుకోసం ఉద్యమమా అని పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు నవ్వారు. బందరు తీరంలో ఉప్పు వండారన్న వార్త విని మెట్టలో ఏ ఇల్లాలూ నవ్వి వుండదని నా నమ్మకం. ఆ పన్ను చివరికి 1947లో పోయింది.

ఇంతవరకూ చదివి "ఆహా, ఆ రోజులే రోజులు" అనుకుంటున్నారేమో. కొంచెం ఆగండి. చెప్పాల్సింది సగమే చెప్పాను.

జాడీ రెండు నెలల వెలితిని పూడుస్తుంది. రెండేళ్ళ కరువుని ఆపలేదు. 1832-33లో నందన కరువు వచ్చింది. కృష్ణకి అవతల గుంటూరు సీమలో అయిదు లక్షలమందిలో రెండు లక్షలమంది పోయారని లెక్కలు చెప్తున్నాయి. పాతరలు లేకనా? గింజ లేకపోతే పాతర ఏం చేస్తుంది? అసలు పాతర తవ్వుకోగలిగిన ఇళ్ళెన్ని? గాదెలు నిండిన ఇంట్లో మినుములు చెరిగి, మిరపకాయల తొడిమలు తీసి, కారం దంచిన కూలితల్లి ఇంట్లో వుండేది ఓ పిడికెడు గోంగూర పచ్చడి, జొన్నగటక. ఆ గటకలోకి గోంగూర దాచుకోవడంలోనూ అంతే నేర్పు వుంది. దాని రుచి మాత్రం వంటల పుస్తకాలకి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంకా ఒకటి. చాలా ఇళ్ళల్లో ఈ పనంతా ఎవరి వీపుమీద నడిచిందనుకున్నారు? చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లో మిగిలిపోయిన మేనత్తలూ, పెద్దమ్మలూను. తెల్లవారుజామునే లేచి మడికట్టుకుని వడియాలు పెట్టేది వాళ్ళు. పెళ్ళిలో ఆ వడియాలు వడ్డించే వేళకి ఎదురుపడకూడదనిపించుకున్నదీ వాళ్ళే. ఇక నెలకి మూడురోజులు జాడీ ఛాయలకే రావద్దని ఆడపిల్లల్ని కసిరేవారు. పచ్చడి చెడేది తడి గరిటెకి. నింద పడేది మనిషికి. పచ్చడికి ఆ మూడురోజులతో ఏ సంబంధమూ లేదని ఇవాళ మనకి తెలుసు. తెలిసీ ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఆ కసురు వినిపిస్తూనే వుంది. నిలవ పెట్టకూడనివి కూడా మనం నిలవ పెట్టుకున్నామేమో!

మెట్టకి నీళ్ళు రావడం మన కాలానికి దగ్గరి చరిత్ర. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ పట్టుబట్టి తిరిగారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళు వదిలారు. ఎడమకాలవ నల్గొండ, ఖమ్మం దాటి ఈ వైపుకి వచ్చింది. జొన్నకూడు తిన్న ఊళ్ళకి వరన్నం వచ్చింది. ఆ అన్నం విలువ తెలిసినవాళ్ళెవరూ పాతరోజులు మళ్ళీ రావాలని కోరుకోరు. నేనూ కోరుకోను.

మా అమ్మమ్మది నందిగామ దగ్గర పల్లె. సాగరు నీళ్ళు రాకముందు కాపురానికి వచ్చి, వచ్చాక కూడా చాలాకాలం వున్న మనిషి. "నీళ్ళొచ్చాయి గదా అమ్మమ్మా, ఇంకా ఇన్నేసి ఒరుగులెందుకు?" అని నా చిన్నప్పుడు అడిగితే, "నీళ్ళు వదిలేవాడు వేరే ఊళ్ళో వుంటాడే, జాడీ మూత నా చేతిలో వుంటుంది" అనేది. ఆవిడ చదువు బాలశిక్ష దాటలేదు. నేను చదివిన అర్థశాస్త్రం పాఠాల్లో ఇంత సూటి వాక్యం నాకు కనిపించలేదు.

తరవాతి కథ మీకూ తెలిసిందే. పెరళ్ళు పంచుకుని వాటాలేసి ఇళ్ళు కట్టుకున్నారు. బావి పూడింది, పందిరి పోయింది. రిఫ్రిజిరేటర్లు వచ్చాయి, పచ్చళ్ళు ప్యాకెట్లలో వచ్చాయి. విత్తనం కొట్లో దొరుకుతుంది. దాని గింజ మళ్ళీ వేస్తే చాలాసార్లు తల్లికాయలాంటి కాయ రాదు. ఉద్యోగానికి బస్సెక్కే ఆడవాళ్ళని ఇంకా రుబ్బుతూ, ఎండబెడుతూ కూర్చోమని నేనెందుకు చెప్తాను? ఆ చాకిరీ పోయినందుకు సంతోషమే. కానీ చాకిరీతోపాటు ఆ తెలివి కూడా పోతోంది, అదే నా బెంగ. ఏ కాయ ఎన్నాళ్ళాగుతుంది, ఏ గింజని దేనితో దాచాలి, ఏ నెల వెలితిని ఏ నెల కలిమితో పూడ్చాలి - పదిహేడు వందల ఏళ్ళనాటి స్తంభాలు ధనంబోడు మట్టిలో భద్రంగా నిలిచాయి గానీ, ఈ తెలివి రాతిలో లేదు. ఎనభయ్యో పడిలో వున్న కొందరు ముసలమ్మల చేతుల్లో వుంది. చేతులకి తవ్వకాలుండవు.

అందుకని ఈ వేసవిలో మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటి పెద్దావిడ వుంటే ఆవకాయ కొలతలు ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఆవిడ పెరట్లో ఏమేం వుండేవి, విత్తనం ఎక్కడ దాచేది, ఏ ఏడు ఏది మిగల్లేదు, ఎవరు పని చేశారు, ఎవరు తిన్నారు - అన్నీ అడగండి. మీ ఇంటి పద్దుపుస్తకంలో నాలుగు పేజీలు ఖాళీ వుండకపోవు. తేదీ వేసి, ఆవిడ పేరు మాత్రం మరిచిపోకుండా రాయండి.